పిలిస్తే పలుకుతుందా

నెలలు నిండని పిల్లల వార్డులో రూతు సిస్టర్ తల్లిపాలలో ప్రోబయోటిక్ పొడి కలిపి, పాపకి పట్టడానికి సిరంజిలోకి తీసుకుంది. సాయంత్రం పామర్రు నుంచి వచ్చిన పాప నాయనమ్మ సుబ్బరత్నం మాట గుర్తొచ్చింది.

“పొట్టకి మేలుచేసే సూక్ష్మజీవులండీ, పెరుగు తోడులాంటివి. ప్రాణంతోనే ఉంటాయి,” అని తను చెబితే, “ప్రాణముంటే పిలిస్తే పలకాలిగా?” అందావిడ.

అర్ధరాత్రి దాటింది. మానిటర్ల చప్పుడు తప్ప వార్డంతా నిశ్శబ్దం. రూతుకి నవ్వొచ్చింది. పాప ఉన్న ఇంక్యుబేటర్ కిటికీ తెరిచి, పొట్టకేసి చూస్తూ మెల్లగా పిలిచింది.

“ఏవమ్మా, ఉన్నారా?”

“ఊఁ.”

పాప నిద్రలో ఉంది. పెదవి కదల్లేదు. నిన్న మొదటి మోతాదు వెళ్లిన ఆ పిడికెడు పొట్ట మాత్రం వణికింది.

రూతు వంగి, కిటికీకి చెవి ఆనించి మళ్లీ పిలిచింది.

ఈసారి పలికింది తన చేతిలోని సిరంజి.