దోమలు వాలని మనిషి

బోదకాలు పురుగు రాత్రిపూటే రక్తంలో తిరుగుతుంది. అందుకే ఆరోగ్య కార్యకర్త వసంతకుమారి చీకటి పడ్డాక కోసపాళయంలో ఇల్లిల్లూ తిరిగి, వేలు పొడిచి రక్తం తీస్తోంది. వీధంతా దోమల రొద.

చివరి ఇంట్లో ముసలి చెంగమ్మ తన వేలు చూపించాక, మంచం మీది భర్త వైపు తిరిగింది.

"ఆయన్ని లేపద్దు పాపా. నిద్రపోతా ఉండాడు. అట్నే తీసుకో."

వసంతకుమారి మంచం పక్కన కూర్చుంది. ఆమె చేతుల నిండా దోమలు ముసిరాయి. చొక్కా లేని ఆ ముసలాయన మీద ఒక్కటీ వాలలేదు.

సూది గుచ్చింది. రక్తం రాలేదు. వేలు పిండింది. చల్లగా ఉంది.

"అవ్వా, తాత ఎప్పుడు పడుకున్నాడు?"



ముసలాయన కళ్లు తెరవకుండానే పక్క వేలు చాచాడు.

"దీంట్లో చూడు పాపా."