లోపలి రఫూ

"కన్ను మరీ ఆనించకు. రెప్ప తగిలితే ఏమీ కనిపించదు," అన్నది ల్యాబు పెద్ద డాక్టరమ్మ.

దర్జీ కాస్త వెనక్కి జరిగి, మళ్లీ సూక్ష్మదర్శినిలోకి వంగింది. కంపెనీలో యంత్రభాగాల జిడ్డును తొట్టిలో రసాయనంతో కడిగే ఆమె భర్త కాలేయం చెడి ఆసుపత్రిలో పడి మూడు వారాలైంది. అది తాగుడు రోగమని కంపెనీ తేల్చింది. రసాయనమే కారణమని సోమవారం విచారణలో రుజువు కాకపోతే, అదే తొట్టి దగ్గర మరొక మనిషిని నిలబెడతారు.

"ఎనిమిదేళ్లుగా ఆయన యూనిఫాం చేత్తో పిండీ పిండీ, నేను కుట్టే బట్టలకు కూడా ఆ కంపే డాక్టరమ్మా! ఆ వాసన వాళ్ల ముక్కుకు తగలదు కాబోలు," అన్నది దర్జీ. "అన్నట్టు, పోయిన నెల నా పిత్తాశయం ఆపరేషన్‌లో తీసినవి కూడా మీ దగ్గరికే పంపారట కదా? ఆ రాళ్లలో ముత్యాలేమైనా దొరికాయా?"

"ముందు చూడవమ్మా."

"ఈ గోధుమరంగు చుక్కలేమిటి?"

"ఎంజైములు మేల్కొన్న చోటల్లా ఆ రంగు పడుతుంది. రసాయనం కొన్ని కణాలను చంపింది. ఆ కబురు పక్క కణం గోడకు తగిలింది. లోపల ఒక ఎంజైము మరొకదాన్ని తట్టి లేపుతుంది, అది ఇంకొకదాన్ని. కబురు నడిబొడ్డుకు చేరగానే ఆ కణం రెండవుతుంది."

"చచ్చినవాటి చోటు నింపడానికా?"

"అవును. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఈనాటికీ లేచి నిలబడి నమస్కరించాలనిపిస్తుంది."

దర్జీ చాలాసేపు తల ఎత్తలేదు.

"రఫూ చేస్తోందమ్మా!" అన్నది చివరకు, గొంతు తగ్గించి. "చిరుగు చుట్టూ పోగు పోగూ అందుకుంటోంది. నా చేతికి ఇంత నాణ్యం లేదు. ఊడిన గుండీ కుట్టుకోవడం చేతకాని మనిషి, లోపల ఇంత పనిమంతుడా!"

డాక్టరమ్మ నవ్వలేదు.

"ఇది మానుతుందా?"

"విషం తగలడం ఆగితే మానుతుంది. చెయ్యి దాటిపోలేదు."

దర్జీ కళ్లు తుడుచుకున్నది. "మరి విచారణలో నిలుస్తుందా?"

"తాగుడు గాయం, రసాయనం గాయం కలిసిపోతే విడదీయడం నా వల్ల కాదు. ఇందులో మద్యం జాడే లేదు. ప్రమాణం చేసి చెబుతాను. ఎంత పెద్ద వకీలు వచ్చినా నా మాట తిప్పలేడు."

దర్జీ ముఖం వాడిపోయింది. గెలిచే మాటను తన నోటితోనే చెడగొట్టాలా అని క్షణకాలం తటపటాయించింది.

"మీతో అబద్ధం చెప్పించిన పాపం నాకొద్దు డాక్టరమ్మా. ఆయన తాగేవాడే. వారానికి రెండుసార్లయినా."

"తెలుసు. ఆయన వైద్యుడు రాశాడు."

"తెలిసీ జాడ లేదంటారేమిటి?"

డాక్టరమ్మ గాజుపలకను తీసి, దాని మీది అంకెను చిట్టాలో మూడోసారి సరిచూసి, ఆమె చెయ్యి పట్టుకున్నది.

"రాళ్లతో పాటు పక్కనున్న కాలేయం ముక్క కూడా తీసి పంపారు. ఇది నీ కాలేయం, తల్లీ."