వేలి మరక

ఎవరి చేతిపనినైనా అచ్చంగా దింపేసి, మనిషి ఉన్నా లేకున్నా వాళ్ల పేరుతో ఏటా శుభాకాంక్షలు పంపే యంత్రం ఇంటింటా ఉన్న రోజులవి. పంకజాక్షి, పార్వతీపురంలోని ఆమె స్నేహితురాలు సుగుణమణి మాత్రం ఒట్టేసుకుని, ఒకరికొకరు పుట్టినరోజు కార్డులు మల్లెపువ్వు రబ్బరు అచ్చుతో చేత్తోనే చేసి పంపుకునేవారు. సిరా ఆరకముందే కార్డు పట్టుకోవడం సుగుణకు అలవాటు. మల్లెపువ్వు పక్కన వేలి మరక పడాల్సిందే.

ఈ ఏడు వచ్చిన కార్డును పంకజాక్షి మురిపెంగా నిరుటి కార్డు మీద పెట్టి కిటికీ వెలుగుకు పట్టింది. మరక మీద మరక వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

"చెయ్యి రెండుసార్లు ఒకేచోట తప్పు చేస్తుందేంటండీ?" అంది భర్తతో.

ఆమె పెట్టె దించి పాత కార్డులన్నీ ఒక్కొక్కటే ఆనించి చూసింది. మరక పక్కకు జరిగింది ఆరేళ్ల కిందటి కార్డులోనే; ఆ తర్వాతవన్నిట్లోనూ ఒకటే మరక.

"మరి ఇన్నాళ్లూ నా కార్డులు ఎవరు విప్పినట్టండీ?"