మిగిలిన గ్లాసులు

“ఒకటే గదా మిగలాల్సింది, రెండుండాయేంది?” అంది మార్తమ్మ, ప్రభువు బల్లలో ద్రాక్షరసం పంచిన చిన్న గ్లాసులు కడగడానికి కూర్చుంటూ. ఆత్మకూరు చర్చి సంఘంలో ఈ నెల ఆ వంతు ఆమెది.

తాగకుండా మిగలాల్సిన ఆ ఒక్కటీ తనది. పగ ఉంచుకున్నవాళ్ళు ద్రాక్షరసం ముట్టకూడదు. అందుకే ఏసోబు ట్రే తెచ్చిన ప్రతిసారీ, అందరూ చూస్తుండగానే ఆమె మొహం తిప్పుకుంటుంది. తాగి ట్రాక్టరు నడిపి ఆమె భర్తను చంపింది వాడే. కోర్టు వదిలేసింది. సంఘం బాప్తిస్మమిచ్చి, ఆ ట్రే వాడి చేతిలో పెట్టింది.

“రెండోది ఏసోబుది,” అంది పాస్టరమ్మ. “మూడేండ్లుగా మిగల్తానే ఉండాది.”

“అందరికీ పంచేదే వాడు గదా?”

“పంచతాడు, తాను తాగడు. మార్తక్క తాగిన రోజే నేనూ తాగతానన్నాడు.”

మార్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. దేవుడు వాణ్ణి శిక్షించలేదని మూడేళ్ళుగా ఏడుస్తోంది. ఆ శిక్ష ఇన్నాళ్ళూ తన చేతిలోనే ఉందన్నమాట.

“దేవుడు క్షమించినాడని చెప్పినా వినడమ్మా. నువ్వు ఒక్క గుక్క తాగితే వాడు బతుకుతాడు.”

మార్తమ్మ రెండు గ్లాసులూ ఎత్తి మట్టిలో వంపేసింది.

“నీకు కూడా ప్రభువు బల్ల లేకుండా పోతాది గదా?”

“పోతే పోనీ.”

మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

“వచ్చే నెల కూడా గ్లాసులు నేనే కడగతా పాస్టరమ్మా,” అంది. “రెండూ మిగిలినాయో లేదో చూసుకోవాల.”