పిచ్చికల ప్రశ్న

“ఇదే నాకు ఆఖరు పాపా. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది,” అన్నాడు ఆనంద్‌రాజ్, ఉద్యోగ పరీక్ష మొదలుకాక ముందు.

ఆయనకు చూపు లేదు. ప్రశ్నలు చదివి వినిపించి, ఆయన చెప్పిన జవాబుకే బబుల్ నింపడం కాలేజీ పిల్ల శరణ్య పని. సొంత సలహా ఇవ్వకూడదు. చెన్నై అంబత్తూరు స్కూల్లో ఇద్దరికీ విడిగా ఒక గది ఇచ్చారు.

ఇంగ్లీషు పాసేజీ వచ్చింది. ఊళ్లో పిచ్చికలు ఎందుకు తగ్గాయని ప్రశ్న.

శరణ్య నాలుగు జవాబులూ చదివింది. చెట్లు నరకడం. గూటికి సందు లేని ఇళ్లు. పురుగుమందులు. సెల్ టవర్లు.

“ఒకటి కొట్టెయ్. చెట్ల ఊసే లేదు.”

“సరే అంకుల్.”

“మూడు కూడా. మందు మాట ఉండాది, అది కాకులకి.”

“ఊఁ.”

“నాలుగు కొట్టెయ్.”

శరణ్య ఆగింది. టవర్ల వల్లే పిచ్చికలు పోయాయని ఫోన్లో ఎన్ని వీడియోలు చూడలేదు!

“నాలుగా అంకుల్? బాగా యోచన చేసినారా?”

“ఊరంతా అనేది అదే. ఈ పాసేజీలో టవర్ అనే మాట ఉండాదా?”

“లేదు.”

“మరి? లేనిది మనమెందుకు తెచ్చేది? మిగిలింది రెండు. అదే పెట్టు.”

పాపం, ఒక మార్కు పోతుందే అనుకుంది శరణ్య. నాలుగో బబుల్ నింపేసింది.

చదువుకున్నవాళ్ల జాలి అంతే. ఎదుటివాణ్ని అడగదు.

గంట కొట్టాక ఇన్విజిలేటర్ కాగితం తెచ్చాడు. “అమ్మాయి మీరు చెప్పినట్టే నింపిందా? ఏమన్నా కంప్లైంటా?”

ఆనంద్‌రాజ్ కాగితం అంచు తడిమి చూశాడు. తర్వాత వేలిముద్ర వేశాడు.

“ఏం లేదు సార్. మంచి పిల్ల.”

వారానికి కీ వచ్చింది. పిచ్చికల ప్రశ్నకు జవాబు రెండు.

తర్వాత రిజల్టు వచ్చింది. ఆయన నంబరు తను నింపిందే గనక శరణ్యకు గుర్తుంది. ఒక్క మార్కులో ఉద్యోగం పోయింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, హాల్ టికెట్ మీద చూసిన అడ్రసు వెతుక్కుంటూ కోడంబాక్కం వెళ్లింది. ఆయన భార్య అమ్మణి తలుపు తీసింది.

“ఆయన లేడమ్మా. రైల్లో ఏటీఎం కార్డు కవర్లు అమ్మేదానికి పోయినాడు. ఏం కావాల?”

“తప్పు చేసినా ఆంటీ. పిచ్చికల ప్రశ్నకి ఆయన రెండంటే నేను నాలుగు నింపినా.” శరణ్యకు ఏడుపు ఆగలేదు.

అమ్మణి చెంగుతో ఆమె మొహం తుడిచింది.

“పెన్ను చప్పుడు రెండో బబుల్ దాటి దూరం పొయ్యిందని ఆ పొద్దే కనిపెట్టినాడమ్మా, చెప్తే నిన్నింక యే పరీక్షకీ రానీరని, ‘ఆ పాప ఇంకా ఎన్ని రాయాల్నో’ అని ఊరుకున్నాడు.”