మొదటి పేరు

“నీ మింద కేసుండాది కదమ్మా. సంతకం ఎట్ల పెట్టమంటావు?”

హెడ్ కానిస్టేబుల్ మార్కండేయులు ఆ మాట అని ఫారం వెనక్కి తోశాడు. ప్రశాంతికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగులో నెగ్గింది, రాతపరీక్షలో నెగ్గింది. మిగిలింది ఈ ఒక్క విచారణే. పిల్ల నడవడి మంచిది, కేసులేమీ లేవు అని సొంత మండలం స్టేషన్ వాళ్లు రాసివ్వాలి. పోలీసు కావాలంటే ముందు పోలీసుల చేత మంచిదనిపించుకోవాలి మరి.

“ఏం కేసు సార్?”

“పోయినేడు ఎండాకాలం మీ ఊరోళ్లు నీళ్లకోసరం సోమందేపల్లి దగ్గర హైవే మింద బిందెలు పెట్టి బస్సులు ఆపిరి గదా. ఆ కేసులో మొదటి పేరు నీదే.”

“ఆ పొద్దు నేను ఊర్లోనే లేను సార్. హిందూపురంలో పరీక్ష రాస్తాంటి. ఇదిగో హాల్‌టికెట్.”

“నాకు జూపిస్తే ఏమొస్తాది? కోర్టులో చూపీ. కేసు తేలేదాక నా చేతుల్లో ఏమీ లేదు.”

ట్రైనింగులో చేరడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. ఈసారి తప్పితే ఇంకో నోటిఫికేషన్ వచ్చేసరికి ఆమెకు వయసు దాటిపోతుంది. కోర్టు ఆమె కోసం పరుగెత్తుకుంటూ వస్తుందా?

పక్కనే నిలబడ్డ తండ్రి మారప్ప అంతసేపు ఊరుకోవడమే ఎక్కువ. గుడ్లెర్రజేసి బల్ల మీద గుద్దాడు.

“ఎవడు సార్ నా బిడ్డ పేరిచ్చింది? ఎమ్మెస్సీ చదివిన పిల్ల సార్! ఆ నా కొడుకెవడో చెప్పండి, ఈడనే తేల్చుకుంటా!”

“అరిసేది తగ్గించప్పా. నేను ఈడికొచ్చి రెండు నెల్లే. మీ ఊరోళ్లే ఎవురో పేర్లు రాసిచ్చినారంట. ఆ కాగితం చూసే కేసు కట్టినారు.”

మారప్పకు ఆ మాట చాలు. గిర్రున వెనక్కి తిరిగాడు. గుమ్మం పక్కన బెంచీ మీద ముత్యాలప్ప కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఇంటిపక్క మనిషి. పిల్ల మంచిదని ఇరుగుపొరుగు సంతకం కావాలంటే, పొలం పని మానుకుని బస్సెక్కి వచ్చాడు పాపం.

“నువ్వేరా! ‘ఎమ్మెస్సీ చదివి కానిస్టేబులా’ అని టీ అంగట్లో నవ్వింది నువ్వు గాదా?”

“నవ్వినా. నవ్వితే పేరిచ్చినట్లేనా?”

“కుళ్లు రా నీకు! నీ కొడుకు ఇంటర్ తప్పి ధర్మవరంలో మగ్గం కాడ కూసున్యాడని, నా బిడ్డ పైకొస్తాంటే ఓర్వలేకపోతాండావు!”

మారప్ప అతని చొక్కా పట్టి లేపాడు. రెండు గుండీలు తెగి నేల మీద పడ్డాయి. ప్రశాంతి మధ్యలో దూరింది.

“ఇడుసు నాయనా! ఇది స్టేషన్!”

ముత్యాలప్ప ముఖం కందగడ్డలా అయింది. “సార్, ఆ కాగితం తీయండి. నా రాతయితే ఈడనే చెప్పుతో కొట్టమనండి.”

“కొట్టక ఇడుస్తానా?” మారప్ప కాలి చెప్పు చేతిలోకి తీశాడు. “నా బిడ్డ నోట్లో మన్ను కొట్టినోడు ఎవడైనా సరే, ఈ చెప్పుతోనే! నా బిడ్డ మింద ఒట్టు!”

మార్కండేయులు విసుక్కుంటూ బీరువా తెరిచాడు. ఒక కట్ట విప్పి, మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ప్రశాంతి వంగి పై వరుస చదివింది.

“‘నీళ్ల గురించి రేపు కలెక్టరు సారుతో మాట్లాడే మా ఊరి ముఖ్యులు’...” ఆమెకు ఒళ్లు మండిపోయింది. “మాట్లాడేదానికని పేర్లు రాయించుకోని, అవే పేర్లతో కేసు కట్టినారా సార్? ఇదేం పని?”

మార్కండేయులు కిటికీ వైపు చూశాడు. మారప్ప చెవికి ఇదేమీ ఎక్కడం లేదు. అతని చూపంతా ముత్యాలప్ప మీదే ఉంది.

ప్రశాంతి కళ్లు ఆ కింది వరుసల్లోకి వెళ్లి ఆగిపోయాయి. గబుక్కున కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎవుని రాతమ్మా? చెప్పు!”

“వద్దులే నాయనా. ఇంటికి పోదాం పా.”

“ఈ నా కొడుకుదేనా?” చెప్పు ఇంకా పైకి లేచింది.

ముత్యాలప్ప ఆమె చెయ్యి తప్పించి కాగితం లాక్కున్నాడు. స్టేషనంతా వినపడేలా చదివాడు.

“‘ఒకటి, ప్రశాంతి, ఎమ్మెస్సీ. ఊర్లో అందరికన్నా పెద్ద చదువు గాబట్టి ఈమె పేరు ముందు రాయడమైనది. ఇట్లు, ఎమ్మెస్సీ ప్రశాంతి నాయన, మారప్ప.’”