సాలెపురుగు అవ్వ ఇంటి పోగు

పట్టుపురుగుల పాకలో, చూరు కింద కాపురముండే సాలెపురుగు అవ్వకు ఒళ్లు మండింది. కింద తట్టలో ఓ బుల్లి పట్టుపురుగు గూడు అల్లుకుంటోంది. అవ్వ దిగొచ్చి ఆ పోగును కాలితో లాగి చూసింది. తెగలేదు!

"ఇది మా ఇంటి పోగు. ఎక్కడ కొట్టేశావే?"

"కొట్టెయ్యలేదవ్వా! మనుషులు మీవాళ్ల జన్యువొకటి తెచ్చి, మా అమ్మమ్మ గుడ్డులో ఉన్నప్పుడే పెట్టారట. అందుకే నాకు పుట్టుకతోనే ఈ గట్టి పోగు వచ్చింది."

"మరి దీంతో ఏం పడతావు?"

"పట్టడమేంటవ్వా? చుట్టుకుని పడుకుంటాను."

అవ్వ కోపం కరిగిపోయింది. ఈ పోగు చుట్టుకుని తమ వంశంలో ఎవరూ హాయిగా నిద్రపోయిన పాపాన పోలేదు. ఆకలితో కాచుకు కూర్చోవడమే.

"పడుకో నా తల్లీ. మీ మీద గుడ్లు పెట్టి ప్రాణాలు తీసే ఆ మాయదారి ఈగ సంగతి నేను చూస్తా," అంటూ తట్ట మీదుగా వల కట్టింది.

ఆ పూట అవ్వ కడుపు నిండే ఉంది. అయినా కాచుకునే కూర్చుంది.